బాల్కనీలోని సర్వరు, నల్లకోట

కరగందా నగరంలో కాపురముంటూ, గనుల కళాశాలలో లెక్కలు చెప్పి విరమించిన ఒస్పానోవా కలంపిర్ అను నేను, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. తెలివి ఉందని వైద్యుడు ధ్రువీకరించాడు. "కాస్త తక్కువున్నా ఇంట్లో సుఖంగా ఉండేది" అని మా కోడలు.

1. ఫ్లాటు నా కొడుకు దౌలెత్‌కు. బాల్కనీలో ఊరగాయ టమాటాల సీసాల మధ్య ఇన్నేళ్లూ రొద పెట్టిన సర్వరు మాత్రం కాదు. పదిమంది కలిసి ఆడే కత్తియుద్ధాల పాత కంప్యూటర్ ఆటను కంపెనీవాళ్లు ఆపేస్తే, దాన్ని నడిపే ఈ పెట్టెను ఇంటికి తెచ్చి బతికించింది నేను. వాడేమో "అమ్మా, అది పీకేస్తే బట్టలారేసుకోవచ్చు కదే" అనేవాడు. బట్టల తీగ, క్లిప్పులతో సహా, వాడికే రాస్తున్నాను.

2. మనవరాలు, ఈ వీలునామా అమలుదారు తొల్కిన్‌కు నా వెండి కడియాలు, ఆటలో నా తెల్లగుర్రం. అది పిలిస్తే రాదు, అచ్చం మీ నాన్నే.

3. సర్వరు నా తోడికోడలు కుల్పాష్‌కు. అవును, కుల్పాష్‌కే. నోళ్లు మూసుకోండి. మేమంతా మేనల్లుడి పెళ్లిలో బెష్‌బర్మాక్ మాంసం పళ్ళేలు మోస్తుంటే, నడుం పట్టేసిందని ఇంట్లో ఉండిపోయి, ఆటలో మా జట్టు నల్లకోటను పట్టుకున్న మహాతల్లే. మర్నాడు ఫోను: "అక్కా, మీ కోటలో ఒకటే చలి, ఒక దుప్పటి పంపుదూ!"

సర్వరు నడిపేవారు ఆటలో కత్తి పట్టరాదన్న నియమం నేను పెట్టిందే. అందుకని అప్పటినుంచి ప్రతి ముట్టడినీ పళ్లు నూరుతూ చూశాను. కోట పోకముందు దాచిన ఆట నకలును సర్వరులోకి ఎక్కిస్తే కోట మళ్లీ మనదేనని పక్కింటి వాల్య చెవిలో ఊదింది. లెక్కల టీచర్ని, తప్పిన లెక్క చెరిపేసి గెలిచాననలేను.

మరి ఆమెకెందుకు? దౌలెత్ చేతికొస్తే నేను పోయిన మర్నాడే అది పాత సామాన్లవాడి బండెక్కుతుంది. ఆ లోకం మళ్లీ పుట్టదు. కుల్పాష్ చేజిక్కింది వదలదు. మా అత్తగారి టీ కాచే సమోవారే సాక్ష్యం.

4. ఆటలో మా ఆయన రేవులో గాలం వేసుకు కూర్చున్నాడు. ఆయన పోయినా ఆ బొమ్మను నేను కదపలేదు. కుల్పాషూ కదపరాదు. చేప పడితే నాకు కబురు చెయ్యాలి.

5. మూడో అంశం నా చావుదాకా ఆగదు. నిన్ననే కుల్పాష్ నియమాల కాగితం చదవకుండానే సంతకం పెట్టి, పెట్టెను టాక్సీలో ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లిపోయింది. కనుక ఇక ఆమె కత్తి పట్టరాదు. నేను పట్టవచ్చు.

ముట్టడి శనివారం. కుల్పాష్, దుప్పటి నేనే తెస్తున్నాను.

2024 నవంబరు 14, గురువారం.

(సంతకం) ఒస్పానోవా కలంపిర్, నేటి నుంచి మామూలు ఆటగత్తె

సాక్షులు (ఇద్దరూ ఆటలో మా జట్టే):
పాక్ వలెంతీనా, పక్కింటి వాల్య (విల్లు, బాణాలు)
వెబర్ ఎర్నా, కింది అంతస్తు (గాయాలకు మందు)