ఊరంతా ఈరన్నలే

ఆదోని

చెల్లెలు వనజకు,

నువ్వు పిరికిదానివి. బడిలో పిల్లల్ని తలెత్తి మాట్లాడమంటావు, నీ కథ కింద మాత్రం 'ఒక సోదరి' అని పెడతావు. ఎక్కడమ్మా నొప్పి అని భార్యను డాక్టరు అడిగితే 'నడుము' అని మొగుడు జవాబు చెప్పడం, నొప్పేమో ఆమె మోకాల్లో ఉండడం, ఇది నీకు జరిగింది కాదా? 'నేను' అని రాయడానికి చెయ్యి రాలేదా? దాక్కునేవాళ్ల వల్లే సమాజం ఇట్లా ఏడ్చింది. కథను నా పత్రికలో వేసినాను. సిగ్గుపడుతూ వేసినాను.

నీ అన్న,
దేవేంద్ర

తా.క. ఫోన్ చేస్తే మీ ఆయన మహేశ్వరే ఎత్తి, నువ్వు బాగున్నావని చెప్పి పెట్టేస్తాడు. అందుకే బడికి ఉత్తరం. మీ వదినదీ నా అభిప్రాయమే.

ఎమ్మిగనూరు

అన్నకు నమస్కారం.

పిరికిదాన్నే. అచ్చులో నన్ను నేను చూసుకోవడమంటే నడిబజారులో పైట జారినట్టుంటుంది. అందుకే మా ఆయన పేరు తీసి ఈరన్న అని పెట్టినాను. ఉరుకుంద గుళ్లో స్వామి పేరు, మన పక్క ఇంటికొకడుంటాడు, ఎవరికీ తగలదనుకున్నా. అందరికీ తగిలింది. మగ్గాల వీధి ఈరన్న మా గేటు ముందు నిలబడి, "నేను మా ఆడమనిషిని ఆస్పత్రికి తీస్కపోయింది మీ అన్నకు ఎవరు సెప్పినారు టీచరమ్మా?" అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు ఈరన్నలు.

నీ చెల్లెలు,
వనజ

తా.క. వాళ్లకు జవాబు కూడా మా ఆయనే చెప్పినాడు.

ఆదోని

వనజా,

ఇక్కడా అదే గోల. పత్తి వ్యాపారం ఈరన్న భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చినాడు. నీకేమన్నా ఇబ్బందా తల్లీ అని ఆమెను అడిగితే, "ఏం లేదప్పా, శానా సుకంగుండాది" అని ఈరన్న అన్నాడు. రాసిందెవరో చెప్పకపోతే ఈరన్నలంతా కలిసి ఆఫీసుకు తాళం వేస్తారట. నేను చెప్పను. నువ్వే చెప్పు.

దేవేంద్ర

తా.క. నీ ధైర్యం కోసం మీ వదిన ఎదురుచూస్తోంది. ఆమె అనలేదు, నాకు తెలుసు.

ఎమ్మిగనూరు

అన్నా,

నిన్న మా హెడ్మాస్టరు జయరాం సారు ఇంటికొచ్చి, ఆ కథ ఎట్లుందమ్మా అని నన్ను అడిగినారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "మా వనజకు ఆ ఈరన్న బుద్ధి ఏమాత్రం నచ్చలేదు సార్. మొగోడన్నంక పెండ్లాన్ని మాట్లాడనియ్యాల."

నా భయం అక్కడే చచ్చింది. "రాసింది నేనే సార్. ఈరన్న ఈయనే" అన్నాను. నిజమా అని సారు ఆయన్ను అడిగితే, ఆ జవాబూ నేనే చెప్పినాను. ఇక అచ్చులోనూ అదే చెప్తాను.

ఇకమీదట దాక్కోని నీ చెల్లెలు,
వనజ

తా.క. నా డిమాండ్లు:

1. కథ మళ్లీ వెయ్యి. 'ఆమె' అన్నచోటల్లా 'నేను'.
2. ఈరన్న అన్నచోటల్లా మహేశ్వర్.
3. కింద నా పేరు, ఊరు.
4. ఈరన్నలకు క్షమాపణ చెప్పొద్దు.
5. వదిన రాసి నాకు పంపిన కథ ఈ కవరులోనే పెట్టినాను. అదీ వెయ్యి. అందులో మొగుడి పేరు దేవేంద్ర. మార్చొద్దు.