కొలత సరిపోని బూట్లు

వేసవి మేత కొండ నుంచి

ప్రియమైన కోడలు మారియాష్‌కి,

చెబుతున్నది నీ అత్త ఉర్కియా, రాస్తున్నది పశువుల డాక్టరు సెయిత్. "కాస్త మెత్తగా చెప్పు పెద్దమ్మా" అంటున్నాడు. చెప్పను.

పిల్ల బల్జాన్‌ను తీసుకెళ్ళి పట్నం బడిలో వేస్తానని రాశావట. ఏ హక్కుతో? మన ఆచారంలో తొలిచూలు బిడ్డ తాత నానమ్మలది. మా అత్త నా పెద్దకొడుకును తీసుకుంది. వాడు ఇప్పటికీ నన్ను వదినా అనే పిలుస్తాడు. నేను నోరెత్తానా? నువ్వే నీ చేతులతో పిల్లను నా ఒళ్ళో పెట్టావు. మీ మామ గొర్రెను కోసి అందరికీ విందు పెట్టాడు. అది నన్ను అమ్మా అంటుంది, నిన్ను వదినా అంటుంది, నీ మొగుణ్ణి అన్నా అంటుంది. ఏడేళ్ళుగా అంతా సవ్యంగా ఉంది. చిచ్చు పెట్టకు.

నువ్వు పంపిన ఎర్ర బూట్లు దానికి పట్టలేదు. పిల్ల పాదం ఎంతుందో తెలియనిదానివి, నువ్వా తల్లివి?

ఇట్లు,
నీ అత్త. కింది వేలిముద్ర నాదే.

*

కరగందా పట్నం నుంచి

ప్రియమైన అత్తయ్యకు నమస్కారాలు.

అవును, నా చేతులతోనే పెట్టాను. చుట్టూ అందరూ చూస్తుంటే ఇంకేం చేస్తాను? తిరుగు రైల్లో పాలు కారి రవిక తడిసిపోయింది. మీ అబ్బాయి కోటు కప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నిరుడు వేసవిలో వచ్చినప్పుడు టీ పోయబోతే వద్దని, నన్ను చుట్టంలా అతిథులు కూర్చునే చోట కూర్చోబెట్టారు. టీ పోయాల్సిన ఇంటి కోడల్ని కదా అత్తయ్యా! బల్జాన్ కప్పు అందిస్తూ, "వదినా, మీకు పిల్లలు లేరా?" అని అడిగింది. లేరన్నాను. మీరు అక్కడే ఉన్నారు. విన్నారు.

బడి మాట వదిలేయండి. దానికి నిజం చెప్పండి, అంతే చాలు.

మీ కోడలు,
మారియాష్

*

మారియాష్‌కి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు.

ఉర్కియా

*

కొండ దిగే ముందు

ప్రియమైన మారియాష్,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. "నాకు కంఠతా వచ్చేసింది, ఇక నన్ను వదిలెయ్యి పెద్దమ్మా" అని సెయిత్ విసుక్కున్నాడు.

విన్నాను. టీ నీళ్ళు కాగే సమోవర్‌లో బొగ్గులు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. నోరెత్తలేదని గొప్పగా చెప్పానే, ఆ రోజుల్లో గొర్రెల దొడ్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు ఎలాంటిదో తెలిసి కూడా నీకూ అదే పెట్టాను.

బూట్లు దానికి సరిగ్గా సరిపోయాయి. వేసుకుని గుడారం చుట్టూ పరిగెత్తింది. "మా వదిన ఎంత మంచిదో" అంటూ పక్కలో పెట్టుకుని పడుకుంది. అదే నేను ఓర్చుకోలేకపోయాను. తెల్లారి పెట్టె అడుగున దాచి, కుక్క ఎత్తుకుపోయిందన్నాను. ఏ పాపం ఎరగని కుక్క దానిచేత ఎన్ని తిట్లు తిందో!

నిన్న బయటికి తీశాను.

"కుక్క తెచ్చిచ్చిందా?" అంది.

"కుక్క కాదే, నేనే దాచాను."

"ఎందుకమ్మా?"

చెప్పాను. ఏదీ దాచకుండా చెప్పాను. బూటు లేసుతో ఆడుకుంటూ వింది. చివరికి తలెత్తి, "అయితే నువ్వెవరు?" అంది.

కొండ మీద నాతో వాదించి గెలిచినవాడు లేడు. ఇది ఒక్క మాటతో గెలిచింది.

రా మారియాష్. బడి తెరిచేలోగా వచ్చి తీసుకెళ్ళు. సెలవులకు పంపితే పంపు, అడిగే మొహం నాకు లేదు. ఈసారి టీ నువ్వే పోయాలి. పిల్ల ఎర్ర బూట్లు వేసుకుని బస్సు దగ్గరికి వస్తానంటోంది. నిన్ను ఏమని పిలుస్తుందో నేను అడగలేదు.

నన్ను మాత్రం నిన్నటి నుంచి నానమ్మా అంటోంది. మధ్యమధ్యలో మరిచిపోయి అమ్మా అంటోంది. రెండింటికీ పలుకుతున్నాను.

ఉర్కియా