చేతిపట్టీ చెప్పేసింది

అక్కా,

ఫోన్ చేస్తే పక్కనుంచి ఈయన వింటారని రాస్తున్నాను. మీ మరిది, ఇంట్లో ఉన్నవాళ్ల ఆరోగ్యం కనిపెట్టి డాక్టరుకు చెప్పే యాప్ తయారుచేస్తున్నారు కదా. పరీక్షకని దాని పట్టీ నా చేతికే కట్టారు.

ఈయనతో పనిచేసే ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే బట్టలు మడతపెడుతుంటాను. ఈయన నవ్వినప్పుడల్లా యాప్ అరుస్తోంది: "గుండె వేగం పెరిగింది, కాసేపు కూర్చోండి." నాతో మాట్లాడుతూ ఒక్కనాడైనా అలా నవ్వారా?

"బట్టలు మడతపెడితే గుండెదడేమిటే? యాప్‌లోనే ఏదో తేడా ఉంది" అని ఈయన తల పట్టుకున్నారు. ఆ తేడా వెతకడానికి వచ్చేవారం ఆవిడే మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుంటుందట.

యాప్‌లో ఏ తేడా లేదక్కా. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆవిడ వచ్చేలోగా నువ్వే మీ మరిదికి చెప్పు. నీకెలా తెలుసని అడిగితే మాత్రం నా పేరెత్తకు.

నీ చెల్లెలు