ట్యాంకు మూతకు ఉన్ని టోపీ

ఏవండీ, బండి అమ్మకండి. జుమాష్ బేరానికి వస్తే టీ పోసి పంపేయండి.

నిన్న గుర్రపు పాల క్యాన్లతో కనుమ దారి ఎక్కుతుంటే మళ్ళీ ఆగిపోయింది. వెనకే వచ్చిన జుమాష్, "ముసలి గుర్రం వదినా, ఇక మాంసానికే!" అని నవ్వాడు. పెట్రోలు ఉందో లేదోనని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి కిక్ కొడితే ఇంటిదాకా ఆగలేదు.

కార్బురేటర్‌ది ఏ తప్పూ లేదు, మీరు ఊరికే విప్పి కడిగారు. దిష్టి తగలకూడదని అత్తమ్మ మూతకు నీలిపూసతో కుట్టిన ఉన్ని టోపీయే మూతలోని గాలి రంధ్రాన్ని మూసేసింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. టోపీ తీసేశాను. రంధ్రాన్ని సూదితో ఒకసారి పొడిచి శుభ్రం చేయండి.

ఈ వేసవికి మన వ్యాపారం నిలబడ్డట్టే. చాలా రోజులకు హాయిగా నిద్రపోయాను. ఇవాళ ఎండబెట్టిన పెరుగు ఉండల సంచీ ఒక్కటే కాబట్టి బజారుకు బస్సులో పోతున్నాను.

అత్తమ్మకు నిజం చెప్పకండి, చిన్నబుచ్చుకుంటుంది. టోపీని బజారులో చూపించడానికి తీసుకెళ్ళాననండి. టీ కెటిళ్ళకు అలాంటి టోపీలు కుట్టే ఆర్డర్లు ఆవిడకు నాలుగైనా పట్టుకొస్తాను. చేతినిండా పనుంటే బండి జోలికి రాదు.