అరవని పందిపిల్ల

నాంపల్లి,
12 అక్టోబరు 1938

ప్రియమైన అక్క ప్రేమలీలకు,

నీ చెల్లెలు సుగుణమణి చేతులు జోడించి చేసే వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మీ మరిది ఎర్నెస్టు క్షేమంగానే ఉన్నాం. మెదక్‌లో నువ్వు, రిచర్డ్ బావగారు, అమ్మాయి రూతు కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చించేశాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ మరిదికి దగ్గు తగ్గింది. స్టేషనులో పార్సెళ్ల దుమ్ము తగ్గదు కాబట్టి దగ్గు మళ్లీ వస్తుంది. రూతు పెళ్లిచీర కోసం ఆబిడ్స్‌లో రెండు దుకాణాలు తిరిగాను. తెల్లపట్టుకు సన్న జరీ అంచు ఉన్నది ఒకటి నచ్చింది కానీ నువ్వు వచ్చి చూసేదాకా కొనను. నేను కొన్నది నీకు నచ్చకపోయినా నువ్వు పైకి అనవు. ఎంత బాగుందో అంటూ పిల్లకు అదే కట్టిస్తావు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక పందుల సంగతి అడిగావు. దానికీ వస్తాను, కాస్త ఓపిక పట్టు.

అక్కా, నీ మీద నాకు ఈర్ష్య. బోర్డింగు స్కూల్లో దొరసానమ్మ నీ కుట్టు అందరికీ చూపించి, నా గుడ్డను విప్పి మళ్లీ కుట్టమన్న రోజు నుంచి ఉంది. నీకు ఎవరి మీదా అలాంటిది లేదు కాబట్టి నాకు ఉందని నీకు తోచదు. పెళ్లయ్యాక తగ్గుతుందనుకున్నాను. కానీ ప్రతి క్రిస్మసుకూ నువ్వు పెంచిన పంది మాంసం డబ్బాలో మెదక్ బస్సెక్కి మా ఇంటికి వస్తుంది. మీ మరిది మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూస్తారు.

"మీ అక్క చెయ్యి పడితే గిట్లనే ఉంటది. బజార్ల కొన్నది దీని ముందల ఏం పనికొస్తది?" అంటారు.

ఎనిమిది క్రిస్మసులు ఆ మాట విన్నాను. తొమ్మిదోసారి వినకూడదని, నా దొడ్లో నేనే పందిని పెంచాలని పంతం పట్టాను. జనవరిలో నిన్ను పిలిచింది అందుకే. "నాకేమీ తెలియదక్కా, వచ్చి ఒక పిల్లను ఎంచిపెట్టు" అని రాశానే, అందులో వినయం ఏమీ లేదు. నీ విద్య కాజేద్దామని పిలిచాను.

ఖైరతాబాద్‌లో పెంటయ్య పందుల దొడ్డి దగ్గర నువ్వు చేసిందంతా కన్నార్పకుండా చూశాను. తల్లిపాలు మానిన పిల్లలు తొమ్మిది ఉన్నాయి. నువ్వు వాటి కళ్లలో పుసి ఉందేమో చూశావు, తోక కింద శుభ్రంగా ఉందో లేదో చూశావు, ఒక్కొక్కదాన్నీ నడిపించావు. తర్వాత వెనకకాళ్లు పట్టి ఎత్తావు. బక్కగా, పొడుగు నడుముతో ఉన్న ఒక పిల్ల ఎత్తగానే చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"గిదే పట్టు సుగుణా. గింత గట్టిగ ఒర్రుతున్నదంటే దమ్మున్నట్టే. మంచిగ తింటది, మంచిగ ఎదుగుతది," అన్నావు.

నా కన్నేమో మూల పడుకున్న గుండ్రటి పిల్ల మీద ఉంది. పొట్ట నిండుగా ఉంది. ఎత్తినా కిక్కురుమనలేదు. పెంటయ్య కూడా, "వద్దమ్మా, అది బలుపు గాదు, కడుపుల పురుగులు. మీ అక్క చెప్పినట్టు ఇనుండ్రి" అన్నాడు. అమ్మేవాడే వద్దంటుంటే నాకు అనుమానం గట్టిపడింది. మంచిదాన్ని నీకు దక్కించడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. ఆ అరవనిదాన్నే పట్టుకొచ్చాను. నేను కాదన్నదాన్ని నువ్వు గంపలో పెట్టుకుని మెదక్ తీసుకుపోయావు.

నా వంతు కష్టం నేను పడ్డానక్కా. ఆబిడ్స్ హోటల్లో వంటచేసే మల్లయ్యను బతిమాలి కూరగాయల తొక్కలు, రొట్టెముక్కలు తెచ్చుకున్నాను. అఫ్జల్‌గంజ్ నుంచి తవుడు తెప్పించి ఉడికించి పోశాను. అది రెండుసార్లు మూతి పెట్టి పడుకునేది. పొట్ట మాత్రం పెరిగింది, వెన్నెముక పైకి తేలింది. ఏప్రిల్లో నువ్వు, "నీ పిల్ల నీ మీద అలిగినట్టుంది, నాది తెగ తిని పెరుగుతోంది" అని సరదాగా రాశావు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఉప్పు తగలనీయకు, నీళ్ల తొట్టి ఎండనీయకు అని నువ్వు వెళ్లేటప్పుడు రెండుసార్లు చెప్పావు. రెండుసార్లు చెప్పావు కాబట్టే నాకు అనుమానం వచ్చింది. నీ మాంసానికి ఆ రుచి ఉప్పు వల్లే వస్తోందనీ, అది నా దగ్గర దాస్తున్నావనీ అనుకున్నాను. మే నెలలో కొత్త మామిడికాయ తొక్కు పెట్టడానికి పాత జాడీలు ఖాళీ చేశాను. అడుగున మిగిలిన తొక్కు, ఉప్పు ఊటతో సహా, తవుడులో కలిపి పెట్టాను. అది మొదటిసారి ఆవురావురుమని తింది. నా సంతోషం చెప్పలేను. మర్నాడు కూడా అదే పెట్టి, మేమిద్దరం సికింద్రాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. తొట్టి సంగతి మరిచాను.

సాయంత్రం వచ్చేసరికి తొట్టి ఎండిపోయి ఉంది. పందికి చూపు పోయింది. గిరగిరా తిరుగుతూ గోడకు తల కొట్టుకుంటోంది. పక్కింటి పూలమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏం పెట్టినవమ్మా దీనికి?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. చీకటి పడకముందే కాళ్లు తన్నుకుని చచ్చిపోయింది.

ఇప్పుడు అర్థమైందా అక్కా? ఆగస్టులో రూతు నిశ్చితార్థానికి నేను పంపిన మాంసం నా పందిది కాదు. పెంటయ్య దగ్గర కొన్నది. "నా పెంపకం, రుచి చూడు" అని రాశాను. అంతటితో ఊరుకోకుండా ఇంకో రెండు దొడ్లో పెరుగుతున్నాయని కూడా రాశాను. "చెల్లీ, ఈసారి నువ్వు నన్ను మించిపోయావు" అని నువ్వు జవాబిచ్చావు. ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకుని చాలాసార్లు చదువుకున్నాను. చదివిన ప్రతిసారీ నిజంగా గెలిచినట్టే ఉండేది.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. నీ పోయిన ఉత్తరాన్ని ఆదివారం గుడి నుంచి వచ్చాక మీ మరిది పైకి చదివారు. మొదటి కాగితంలో, జ్వరం సోకి నీ పందులు ఐదూ వారంలో చచ్చాయని ఉంది. ఆయన "అయ్యో" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకున్నాను. చక్కెర ఎక్కువ వేసుకున్నాను. నాకు సంతోషమేసిందక్కా. నీ దొడ్డి కూడా ఖాళీ అయిందని సంతోషమేసింది.

చాయ్ తాగుతుండగా ఆయన రెండో కాగితం చదివారు. "ఈస్టరు తర్వాత రూతు పెళ్లి విందుకు నీ దగ్గరున్న ఆ రెండే మాకు దిక్కు. నువ్వుండగా నాకేం దిగులు?" అని రాశావు.

మీ మరిది కాగితం కింద పెట్టి దొడ్లోకి వెళ్లి వచ్చారు.

"మన దొడ్ల రెండు పందులున్నయంట గదా. నాకు ఒక్కటి గూడ కనవడలే. ఏడ దాచినవ్?"

చనిపోయిన సంగతి, మాంసం కొన్న సంగతి ఆయనకు తెలుసు. నీకు ఏమి రాశానో తెలియదు. నేను ఏడ్చాను. ఆయన కేకలు వేయలేదు.

"నువ్వే రాయి. ఆడపిల్ల పెండ్లి అది. ఆమె నిన్ను నమ్ముకొని కూసున్నది," అన్నారు.

నిన్న ఒక్కదాన్నే ఖైరతాబాద్ వెళ్లాను. నువ్వు చేసినట్టే కళ్లు, తోకలు చూసి, నడిపించి, రెండు పిల్లలను ఎంచాను. రెండూ గట్టిగా అరిచాయి. శనివారం దాకా ఎవరికీ ఇవ్వనని పెంటయ్య మాటిచ్చాడు. ఇప్పుడు తెస్తే పెళ్లినాటికి ఎనిమిది నెలలవి అవుతాయి, విందుకు సరిపోతాయి. కానీ నీ బిడ్డ విందుకు నా చేతి పెంపకం నీకు ఇష్టమో కాదో ముందు తెలియాలి. ఇష్టం లేకపోతే బావగారు వేరేచోట చూసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. శనివారంలోగా నాకు అందేలా ఒక కార్డు ముక్క మీద ఔననో కాదనో రాయి, చాలు. కాదన్నా పెళ్లికి వస్తాను, అంట్లు తోమడానికైనా వస్తాను.

నువ్వు తిట్టవని నాకు తెలుసు. "పోనీలే సుగుణా" అని మొదలుపెడతావు. ఈసారి అలా రాయకు. నాకు ఈ ఉత్తరం రాయడానికి పది రోజులు పట్టింది. నీకు ఇంత వయసొచ్చినా ఎవరికీ ఇలాంటిది ఒక్కటి కూడా రాయవలసిన అవసరం రాలేదు. అన్నీ చెప్పేశాను కనుక ఇదీ చెబుతున్నాను, దాని మీద కూడా నాకు ఈర్ష్యగానే ఉందక్కా.

ఇట్లు,
నీ కార్డు కోసం ఎదురుచూసే చెల్లెలు,
సుగుణమణి