గులాబీకి గుప్పెడు ఉప్పు

రాజమండ్రి,
సోమవారం.

పెదనాన్న గారికి, ఆశాజ్యోతి వందనాలు.

నిన్న ఆరాధనలో "ఫోనుకి బానిసైపోయిన మా తమ్ముడి కూతురి విడుదల కోసం" అని ప్రార్థన మనవి చెప్పారట. పేరు చెప్పకపోవడం మీ మర్యాద. కానీ మీకున్నది ఒక్కడే తమ్ముడు, ఆయనకున్నది ఒక్కతే కూతురు. ఇవాళ బస్సులో ఇద్దరు నన్ను చూసి జాలిగా నవ్వారు. ఫోనులో నేను చేసేది చదవడం, మొక్కల గురించి రాయడం. బోటనీలో డిగ్రీ చేసినదాన్ని, ఇంకేం రాస్తాను?

అది వదిలేయండి. మీరు నర్సరీలో గులాబీల మొదట్లో ఉప్పు వేయిస్తున్నారని మన టెంపో ఐజాక్ గారు చెప్పారు. వెంటనే ఆపించండి. కొబ్బరిచెట్టు ఉప్పుకి తట్టుకుంటుంది, గులాబీ తట్టుకోదు. వేసినవాటికి మంచినీళ్ళు బాగా పోయించి ఉప్పు కడిగించండి.

ఇట్లు,
ఆశ

తా.క. మీరు ఫోనులో వెతుకుతారు గానీ మెసేజీలు చదవరు కాబట్టి, ఈ ఉత్తరం ఐజాక్ గారితో ఖాళీ కుండీల పక్కన కూర్చుని వస్తోంది.


కడియం,
మంగళవారం.

చిరంజీవి ఆశకి, పెదనాన్న యెహెజ్కేలు దీవించి వ్రాయునది.

ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆధారం లేకుండా ఏ పనీ చెయ్యను. "గులాబీ ఆకులు పసుపెక్కితే" అని ఫోనులో కొట్టి చూడు. మొట్టమొదట వచ్చేది "తోటమాట" అనే బ్లాగు. గుప్పెడు ఉప్పు వేయమని స్పష్టంగా ఉంది. నాకు మొదట్నించీ తోచిన మాటే, ఇంట్లో వినేవాళ్ళేరి? వద్దనే పరిశోధనా కేంద్రం వాళ్ళది తొమ్మిదోది. తొమ్మిదోవాడి పేపరు పెట్టుకుని ఫస్టు వచ్చినవాడి పేపరు దిద్దుతామా? పైగా ఆ తొమ్మిదోది తెరుచుకునేలోగా నేను స్నానం చేసి వచ్చాను. తెరుచుకున్నాక అన్నీ పట్టికలే.

తోటమాట రాసినాయన ఎవరో మహానుభావుడు. పేరు కూడా పెట్టుకోలేదు. ఫోటోలో ఉప్పు వేస్తున్న కుడిచెయ్యి ఒక్కటే ఉంది. చూపుడువేలి మీద కత్తెర మచ్చ, గోళ్ళలో మట్టి. అనుభవం అంటే అదీ. నీ చేతులకి గోళ్ళరంగు తప్ప ఏముందమ్మా?

రెండొందల మొక్కలకి వేశాం. ఆదివారం ఆరాధన అయ్యాక నర్సరీవాళ్ళందరినీ పిలిచి చెబుతాను.

దీవెనలతో,
పెదనాన్న

తా.క. ఆ చెయ్యి ఎక్కడో చూశానంటోంది మీ దేవకుమారి పెద్దమ్మ. ఆవిడకి పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళందరూ ఎక్కడో చూసినట్టే ఉంటారు.


రాజమండ్రి,
బుధవారం.

పెదనాన్న గారికి, మహానుభావుడు వ్రాయునది.

తోటమాట నాది. ఇంటర్ సెలవుల్లో మొదలుపెట్టాను. ఉప్పు సంగతి విన్నది విన్నట్టు రాశాను, తప్పు రాశాను. అది ముందు రావడానికి కారణం నిజం కావడం కాదు. చిన్నగా ఉంది, చప్పున తెరుచుకుంటుంది, జనం ఎక్కువగా నొక్కారు. మీరు రోజుకి నాలుగుసార్లు నొక్కుతుంటే ఇక కిందకెలా దిగుతుంది?

నన్నడిగితే, అడిగే ప్రశ్నని బట్టి వరస మారాలండి. ఉప్పు వేయాలా, మందు ఎంత కొట్టాలి అంటే, పరీక్ష చేసి చూసినవాళ్ళ పేజీ ముందుండాలి, అది తెరుచుకునేలోగా మీరు రెండు స్నానాలు చేసినా సరే. అదే, లారీలో మూడు రోజులు పోయే మొక్కకి మట్టిగడ్డ విడిపోకుండా గడ్డి ఎలా చుట్టాలి అంటే, ఇరవై ఏళ్ళుగా చుడుతున్న మన పాపాయి గారు చెప్పింది ముందుండాలి. అదీ నా బ్లాగులోనే ఉంది. నలభై మూడోది.

ఉప్పు పేజీని కిందకి దించమని ఆ సెర్చి కంపెనీకి రాశాను. పైకి రావడానికి పది చిట్కాలు పంపారు.

ఇవాళ తప్పు దిద్దేశాను. తెరిచి చూడండి.

మీ తమ్ముడి ఒక్కగానొక్క కూతురు,
ఆశ

తా.క. గోళ్ళరంగు కాదు. మట్టి అంటకుండా వేళ్ళ కొసలకి చుట్టుకున్న రంగు టేపు.


కడియం,
గురువారం.

చిరంజీవి ఆశకి, దీవెనలు.

ఒకరి కష్టాన్ని నాదనడం నీకు ఎవరు నేర్పారు? ఫస్టు వచ్చినాయన మీద అసూయ ఉండొచ్చు, ఇంత పనికిరాదు. ఇవాళ ఉపవాస ప్రార్థనలో మనవులు రెండు చెప్పాను. ఫోను, అసూయ.

పేజీ తెరిచాను. "ఉప్పు వేయకండి" అని ఉంది. ఎవరో దొంగతనంగా లోపలికి దూరి మార్చేశారు. ఆయన మాట మార్చే మనిషి కాదు. పాతది ముందే ప్రింటు తీసి లామినేషన్ చేయించాను. ఆదివారానికి నలభై కాపీలు సిద్ధం.

రెండొందల్లో అరవై మొక్కలు ఆకులు రాల్చాయి. ఉప్పు చాల్లేదనుకుంటాను. శనివారం ఇంకో గుప్పెడు వేయించి, మిగతా వెయ్యికీ మొదలుపెడతాను.

ఆదివారం మీటింగుకి ఫ్లెక్సీ వచ్చింది. ముఖ్య అతిథి బొమ్మ ఉండాల్సిన చోట ఆ చెయ్యి వేయించాం. చూసి ఆయనే వస్తారు.

పెదనాన్న

తా.క. ఆయనకి పెళ్ళీడుకొచ్చిన కొడుకుంటే నీ సంగతి కదుపుతాను. అసూయ తగ్గాక.


రాజమండ్రి,
శుక్రవారం.

పెదనాన్న గారికి, ఆశాజ్యోతి.

ఈ ఉత్తరం పట్టుకున్న మీ కుడిచెయ్యి ఒకసారి చూసుకోండి. చూపుడువేలు.

ఇంటర్ సెలవుల్లో, పనసపొట్టు కూరతో అన్నం తింటూ, కొబ్బరికి వేసినట్టే గులాబీకీ గుప్పెడు ఉప్పు వేస్తే పసుపు పోతుందని మీరే అన్నారు. పెద్దమ్మ పెరుగు కావాలా అంది. నాన్న లేచి చెయ్యి కడుక్కున్నారు. నేనొక్కదాన్నే రాసుకున్నాను. వేసి చూపించమంటే ఖాళీ కుండీలో వేసి చూపించారు, ఫోటో తీశాను. మీకు తోచిన మాట నా బ్లాగులోకి వెళ్ళి, నెట్టులో మొదటికి ఎక్కి, మళ్ళీ మీకే ఆధారంగా వచ్చింది. మంగళవారం నుంచీ మీరు పొగుడుతున్నది మిమ్మల్నే.

శనివారం ఉప్పు పడదు. పెద్దమ్మతో ఫోనులో మాట్లాడాను. చెయ్యి ఎవరిదో ఆవిడకి మంగళవారమే తెలుసట. రేపు ఉప్పు బస్తా మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంది.

ఆదివారం తొమ్మిది గంటల బస్సుకి వస్తున్నాను. ముఖ్య అతిథిని నేను. శాలువా కప్పించుకుంటాను. ఆకులు రాలిన అరవై మొక్కల్నీ వరసగా పెట్టి, ఇది నా రాత వల్ల జరిగిందని మైకులో చెబుతాను. మీ నలభై కాపీల మీదా "తప్పు" అని రాసి పంచుతాను. లామినేషన్ మీద పెన్ను పడదు కాబట్టి మార్కరు కొన్నాను. ఫ్లెక్సీ మార్చనక్కర్లేదు. చెయ్యి మీది, రాత నాది.

ఆశాజ్యోతి

తా.క. మహానుభావుడికి పెళ్ళీడు కొడుకు ఉన్నాడు. మన శాంతికుమార్ అన్నయ్య. కదపకండి.

ఇంకో తా.క. ఇవాళ్టి నుంచి తోటమాట మీద నా పేరు ఉంటుంది. ఇంటిపేరుతో సహా.