పాతది కాదట తాయారూ

శ్రీముఖలింగం,
10 ఆగస్టు 1968

చి.ల.సౌ. తాయారుకు నీ బావ జగన్నాధం ఆశీస్సులు. ఇక్కడ ఇల్లూ, గొడ్లూ, పొలమూ బాగున్నాయి. బరంపురంలో నువ్వూ, మన చిన్నతల్లీ, దాని పసిపాపా, అల్లుడుగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మనవరాలికి నీ ముక్కే వచ్చిందని రాశావు. నాది రాకపోవడమే మేలు. తిండి సంగతి అడిగావు. మూడేళ్ళ కిందట క్యాన్సరని సగం కడుపు కోసేసిన దగ్గరనుంచి నువ్వు నేర్పినట్టే కొంచెం కొంచెంగా తింటున్నాను. అంబలి మీ తమ్ముడు సూరయ్య కాస్తున్నాడు. ఉప్పు మరిచిపోయి, వేశానని వాదిస్తాడు. పొలంలో ఉభాలు అయిపోయాయి, నారంతా నాటించేశాను. వంశధారలో నీళ్ళు బాగానే ఉన్నాయి.

ఇక్కడినుంచి గట్టిగా చదవకు, నీలోనే చదువుకో. చిన్నతల్లి బాలింతరాలు.

నిన్ను దాని పురిటికి రైలెక్కించిన రోజుకే నాకు విరేచనంలో నెత్తురు పడుతోంది. చెబితే నువ్వు ఆగిపోతావని చెప్పలేదు. పాతదే తిరగబెట్టింది, ఇక ఆసుపత్రి ఎందుకు అనుకున్నాను. ఒకరోజు సూరయ్య నా పంచె చూశాడు.

"ఏటి బావా, ఈ రగతమేటి?"

"మొలల్రా."

"నాకు సెప్పకు. బయలెల్లు," అని విశాఖపట్నం లాక్కుపోయాడు.

ఎక్స్‌రేలు తీశారు. పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది తేలాక, అప్పట్లో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారే కూర్చోబెట్టి చెప్పారు.

"పాతది తిరగబెట్టలేదయ్యా. ఇది పెద్దపేగు చివర కొత్తగా పుట్టింది. ఇదీ క్యాన్సరే. కాని కడుపులోది పాకి వచ్చింది కాదు, ఇది వేరు."

"ఒకపాలి వొచ్చినోడికి మళ్ళీ ఇంకోటి వొస్తాదేటి బాబూ?" అని అడిగాను.

"కొందరికి వస్తుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు. చిన్నగా ఉండగానే వచ్చావు. తీసేస్తే బతుకుతావనే ఆశ ఉంది."

వరండాలోకి వచ్చి ఏడ్చాను. సూరయ్య హడలిపోయాడు. "పాతది కాదట్రా," అన్నాను.

"కొత్త రోగమొచ్చినాదని సంబరపడేవోణ్ణి నిన్నే సూసినాను బావా," అని వాడూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంకొకటి ఉంది. అది తీశాక మలం మామూలు దారిన రాదట. పొట్టమీద ఎడమపక్కన దారి పెడతారట. బతికినంతకాలం అంతే. గుడ్డలు మార్చాలి, కడగాలి. ఆలోచించుకుని చెప్పమన్నారు. ఆ పని నీ చేతిమీద పడుతుందని తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పొద్దువాలేదాకా వరండాలోనే కూర్చుని, లోపలికి వెళ్ళి, నిన్ను అడక్కుండానే సరేనన్నాను. కడుక్కోవడం నేనే నేర్చుకుంటాను. నీకు రోతగా ఉంటే పక్కగదిలో పడుకుంటాను. కోపం వస్తే వచ్చి తిట్టు.

చవితి వెళ్ళాక వచ్చే సోమవారం ఆపరేషన్. పాపను వియ్యపురాలికి అప్పగించి, ఒకరోజు ముందే విశాఖపట్నం రా. సూరయ్య స్టేషనులో ఉంటాడు. అప్పట్లో మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నువ్వున్నావు. నాకు ఇంకా బతకాలని ఉంది, తాయారూ.

ఇట్లు,
నీ బావ
జగన్నాధం